బీటిల్స్ 'గెట్ బ్యాక్' థియేటర్లకు రాదట, డిస్నీ ప్లస్‌లో మాత్రమేనట. మీరేమంటారు?

చెవికోసుకుంటా | 18 జూన్ 2021

ఆగస్టు 27 కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లకు ఓ కబురు. పీటర్ జాక్సన్ తీస్తున్న బీటిల్స్ డాక్యుమెంటరీ ఇక థియేటర్లకు రావడం లేదు. మూడు భాగాల సిరీస్‌గా మార్చేశారు. ఒక్కో భాగం సుమారు రెండు గంటలు. నవంబర్ 25, 26, 27 తేదీల్లో రోజుకొకటి, అదీ డిస్నీ ప్లస్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో మాత్రమే.

ఈ సినిమా సంగతి మొదట చెప్పింది 2019 జనవరి 30న, బీటిల్స్ లండన్‌లో తమ ఆఫీసు డాబా మీద వాయించిన రూఫ్‌టాప్ కచేరీకి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున. తర్వాత 2020 సెప్టెంబర్ 4న రిలీజ్ అన్నారు. కోవిడ్ వచ్చి అది 2021 ఆగస్టుకు జరిగింది. ఇప్పుడు ఏకంగా తెరే మారిపోయింది.

సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు. ఆరు గంటల బీటిల్స్ అంటే పండగే. కానీ ఆ డాబా మీది కచేరీని పెద్ద తెర మీద చూడాలని ఎంత ఆశపడ్డానో!

మూడోవరుస | 18 జూన్ 2021

ఇదేం అన్యాయం? ఇన్నాళ్లు ఆగింది టీవీలో చూడటానికా?

మొన్న డిసెంబర్‌లో జాక్సన్ వదిలిన ఐదు నిమిషాల క్లిప్ గుర్తుందా? ఫోన్లో చూస్తేనే ఒళ్లు జలదరించింది. అది పెద్ద తెర మీద, చీకట్లో, ఫోన్లు కట్టేసి చూడాల్సిన సరుకు. ఇప్పుడేమవుతుంది? పావుగంట చూస్తాం, కాలింగ్ బెల్ మోగుతుంది, ఆపుతాం, మళ్లీ వచ్చేసరికి మూడ్ పోతుంది.

ఇంకో మాట. ఈ పాటల్ని చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా విన్నవాళ్లమే మనలో ఎక్కువ. అలాంటివాళ్లంతా ఒక్కసారి ఒకే హాల్లో కూర్చునే అవకాశం వచ్చింది. దాన్ని కూడా ఊడబెరికారు.

నాలుగోతీగ | 18 జూన్ 2021

మూడోవరుస అన్నా, బాధ అర్థమైంది. కానీ లెక్క చూడు. 1969 జనవరి 2న ట్వికెన్‌హామ్ స్టూడియోలో మొదలుపెట్టి ఆ నెలాఖరు దాకా బీటిల్స్ పాటలు కడుతుంటే దర్శకుడు మైకేల్ లిండ్సే-హాగ్ బృందం తీసిన ఫిల్మ్ దాదాపు 60 గంటలు. ఆడియో టేపులు 150 గంటల పైమాటే. థియేటర్ సినిమా అంటే రెండు, మహా అయితే రెండున్నర గంటలు. అరవైలోంచి రెండున్నర ఏరితే ఏం మిగులుతుంది? తెలిసిన పాటలు, ఒక గొడవ, చివర్లో డాబా. ఆ సినిమా మనకు ఇదివరకే ఉంది. 1970లో వచ్చిన 'లెట్ ఇట్ బీ' అదే కదా! నెల రోజుల పనిని ఎనభై నిమిషాల్లోకి కుదిస్తే, అది బ్యాండ్ విడిపోతున్న కథలా కనిపించింది.

నాకు కావాల్సింది బోర్ కొట్టే భాగం. ఒకే పాటను పాతికసార్లు వాయించి, మధ్యలో ఏదో పాత రాక్ అండ్ రోల్ పాటలోకి జారిపోయి, టీ తాగి, జోకులేసుకుని, మళ్లీ మొదటికొచ్చే భాగం. బ్యాండ్‌లో వాయించినవాళ్లకు తెలుసు, పాట పుట్టేది అక్కడే. థియేటర్‌కు పంపే ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేదీ అదే.

వైనిల్‌వీరుడు | 18 జూన్ 2021

అంతా బానే ఉంది గానీ, అసలు ప్రశ్న ఎవరూ అడగరేం? డిస్క్ వస్తుందా, రాదా?

'లెట్ ఇట్ బీ' సినిమా గతి మర్చిపోయారా? 1980ల మొదట్లో వీడియో క్యాసెట్, లేజర్ డిస్క్ వచ్చాయి. అంతే. ఆ తర్వాత అధికారికంగా డీవీడీ లేదు, బ్లూరే లేదు. ఇన్నేళ్లూ కాపీకి కాపీ తీసిన క్యాసెట్లు, వాటి నుంచి ఎక్కించిన మసక ఫైళ్లే మనకు దిక్కు. ఆ మాత్రమైనా ఎందుకు మిగిలింది? అప్పట్లో ఎవరో ఒక వస్తువు కొని ఇంట్లో దాచుకున్నారు కాబట్టి. స్ట్రీమింగ్‌లో దాచుకోవడానికి వస్తువే లేదు. చందా కట్టినన్నాళ్లు చూడనిస్తారు. వాళ్లు తీసేసిన రోజున మన దగ్గర మసక ఫైలు కూడా ఉండదు.

డ్రమ్ములరాయుడు | 18 జూన్ 2021

బీటిల్స్ డ్రమ్మర్ రింగో ఏమీ అనకుండా డ్రమ్ముల వెనక కూర్చుంటాడు చూడండి, నేనూ అంతే. నవంబర్ 25న లేపండి.

కొత్తశ్రోత | 19 జూన్ 2021

నేను బీటిల్స్ వినడం ఈమధ్యే మొదలుపెట్టాను. మీరంతా ఇంత బాధపడుతుంటే చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ, నాకు మాత్రం ఇదే నయం. ఒక పేరు తెలియకపోతే ఆపి వెతుక్కోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం సబ్‌టైటిల్స్. లివర్‌పూల్ యాస, నలుగురూ ఒకేసారి మాట్లాడటం, వెనక గిటార్ మోత. నాకు సగం మాటలు అందవు. థియేటర్లో అయితే అందరూ నవ్వినప్పుడు నవ్వి ఊరుకోవాలి.

చెవికోసుకుంటా | 19 జూన్ 2021

మొహమాటం ఎందుకు తమ్ముడూ, ఇక్కడ అందరూ ఒకప్పుడు కొత్తవాళ్లే. సబ్‌టైటిల్స్ మాట నిజం. ఆ క్లిప్‌లో గిటారిస్ట్ జార్జ్ ఏమన్నాడో తెలుసుకోవడానికి నేనూ వెనక్కి తిప్పి తిప్పి విన్నాను.

కొత్తశ్రోత | 19 జూన్ 2021

తమ్ముడు కాదండీ, చెల్లి 🙂

హిస్‌నాయిస్ | 19 జూన్ 2021

ఎవరూ ధ్వని గురించి మాట్లాడకపోతే నేనే మాట్లాడతాను, తిట్టుకోకండి.

స్ట్రీమింగ్‌లో 4కె అని బోర్డు పెట్టినంత మాత్రాన బొమ్మంతా వచ్చేసినట్టు కాదు. 4కె చూడాలంటే సెకనుకు 25 మెగాబిట్ల లైన్ ఉండాలని డిస్నీ ప్లస్ వాళ్లే చెబుతారు. మామూలు బ్లూరేలో ఒక్క వీడియోకే 40 మెగాబిట్ల దాకా చోటుంది. ఆడియోలో తేడా ఇంకా ఎక్కువ. డిస్క్‌లో లాస్‌లెస్, అంటే ఏమీ పోగొట్టని ధ్వని ఇవ్వొచ్చు. స్ట్రీమింగ్‌లో పైన అట్మాస్ (చుట్టూ వినిపించే ధ్వని) అని రాసినా, లోపల ఉండేది డాల్బీ డిజిటల్ ప్లస్, అంటే కుదించిన ధ్వని. మాటల సినిమాకైతే సర్దుకుపోతాం. ఇది పాటల సినిమా కదా!

నాలుగోతీగ | 19 జూన్ 2021

గురూ, ట్వికెన్‌హామ్‌లో రికార్డయింది సినిమా షూటింగుకు వాడే నాగ్రా రికార్డర్‌లో, అన్ని శబ్దాలూ ఒకే ట్రాక్‌లో కలిసిపోయే మోనో టేపు మీద. 1969 నాటి మోనో టేపుకు లాస్‌లెస్ లేదని ఏడుస్తున్నావా?

హిస్‌నాయిస్ | 19 జూన్ 2021

ట్వికెన్‌హామ్ వరకు సరే, ఒప్పుకుంటా. కానీ సావిల్ రోలోని వాళ్ల ఆఫీసు బేస్‌మెంట్‌కు మారాక పాటలు ఎయిట్ ట్రాక్‌లో, అంటే ఎనిమిది విడి ట్రాకుల టేపు మీద ఎక్కించారు. రూఫ్‌టాప్ కూడా అంతే. డాబా మీద వాయిస్తుంటే తీగలు కిందికి లాగి బేస్‌మెంట్‌లో రికార్డు చేశారు. దాన్ని కుదించి వినిపిస్తామంటే నేను ఏడవకుండా ఎవరేడుస్తారు?

దూరశ్రోత | 20 జూన్ 2021

మీరంతా డిస్కా, స్ట్రీమింగా అని వాదించుకుంటున్నారు. పోలండ్, టర్కీ, దక్షిణాఫ్రికా లాంటి చాలా చోట్ల ఈ సర్వీసే ఇంకా మొదలవలేదు. నేనుండేది అలాంటి దేశంలోనే. చందా కడతాను మొర్రో అన్నా కట్టించుకునేవాడు లేడు. థియేటర్ సినిమా అయితే ఆలస్యంగానైనా ఎక్కడో ఒక హాల్లో పడేది. 'ఎక్స్‌క్లూజివ్' అంటే కొందరికి ఇంట్లో హాయిగా చూడటం, మాలాంటివాళ్లకు అసలు చూడకపోవడం.

మోడరేటర్ | 20 జూన్ 2021

ముందే చెబుతున్నా. పైరసీ లింకులు పెడితే పోస్టు పోతుంది, రెండోసారి అకౌంట్ పోతుంది. 'ఫలానా చోట వెతికితే దొరుకుతుంది' అని కన్నుగీటినా లింకు కిందే లెక్క. దూరశ్రోత గారి బాధ న్యాయమైనదే. కానీ రూలు రూలే.

వైనిల్‌వీరుడు | 20 జూన్ 2021

రూలు మీద నాకు గొడవ లేదు. కానీ పైరసీ అంటే గుర్తొచ్చింది. ఈ జనవరి 1969 టేపులు ఎంత కాలం దొంగ రికార్డులుగా తిరిగాయో తెలుసా? అసలు టేపుల్లో కొన్ని వందలు దొంగలెత్తుకుపోయారు. 2003లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దొరికాయి. అప్పటికే వాటిని మనవాళ్లు కంఠతా పట్టేశారు. కంపెనీ బయటకు వదలని వస్తువు దొడ్డిదారిన బయటకొస్తుంది. ఇది నేను సమర్థించడం కాదు, జరిగింది చెబుతున్నా. దూరశ్రోత ఉండే చోట కూడా రేపు జరిగేది అదే.

నాలుగోతీగ | 21 జూన్ 2021

వీరుడు గారూ, ఒకటి అడుగుతా, కోప్పడకండి. 60 గంటల 16 ఎంఎం ఫిల్మ్‌ను ఫ్రేము ఫ్రేమూ శుభ్రం చేసి, 150 గంటల మాటల్ని దానికి జతచేసి, ఏళ్ల తరబడి ఎడిటింగ్ రూమ్‌లో కూర్చోవడానికి డబ్బు ఎవరు పెడతారు? సినిమాగా అయితే పెట్టింది టిక్కెట్ల మీద రాబట్టాలి, కాబట్టి నిడివి కోస్తారు. స్ట్రీమింగ్ కంపెనీకి టిక్కెట్లతో పని లేదు. దీనికోసం జనం చందా కట్టాలి, కట్టాక మానకూడదు. అందుకే మూడు రోజులు, ఆరు గంటలు. వాళ్ల స్వార్థం మనకు కలిసొచ్చింది. రెండున్నర గంటల సినిమా నా షెల్ఫ్‌లో ఉండటం కంటే, ఆరు గంటల సినిమా వాళ్ల సర్వర్‌లో ఉండటమే నాకిష్టం.

వైనిల్‌వీరుడు | 21 జూన్ 2021

రెండూ ఎందుకు ఉండకూడదు? బాబ్ డిలన్ మీద స్కోర్సెసీ తీసిన 'రోలింగ్ థండర్ రెవ్యూ' 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఈ జనవరిలో క్రైటీరియన్ వాళ్లు డిస్క్ వేశారు. ఎవరి చందాలూ పడిపోలేదు. 'మాత్రమే' అన్న మాటకు ఒక గడువు పెట్టండి చాలు. ఆరు నెలలు, ఏడాది, మీ ఇష్టం. ఆ తర్వాత కొనుక్కునేవాణ్ణి కొనుక్కోనివ్వండి.

చెవికోసుకుంటా | 21 జూన్ 2021

ఈ మాటతో నేను ఏకీభవిస్తున్నా. నాలుగోతీగ చెప్పింది నిడివి గురించి, వీరుడు గారు చెప్పేది షెల్ఫ్ గురించి. నిడివి ఇచ్చి షెల్ఫ్ లాక్కున్నారన్నదే నా బాధ కూడా.

డ్రమ్ములరాయుడు | 25 నవంబర్ 2021

లేచాను.

మూడోవరుస | 26 నవంబర్ 2021

మొదటి భాగం రెండున్నర గంటలు దాటింది! ఆరు గంటలన్నారు కదా, మూడూ కలిపితే ఎనిమిది గంటల దాకా వచ్చేట్టుంది.

అరువు తెచ్చిన ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసుకుని నలుగురం చూశాం. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, బాగుంది. ట్వికెన్‌హామ్‌లో ఆ పెద్ద ఖాళీ షెడ్డు, వెనక రంగురంగుల లైట్లు, పొద్దున్నే నిద్రమొహాలతో వచ్చి కూర్చోవడం చూస్తే చలి మనకే తగులుతుంది. మొదటి భాగం చివర జార్జ్ లేచి వెళ్లిపోయాక ఎవరికీ ఏం చేయాలో పాలుపోదు. ఏ పాట కావాలో తెలియకుండా ఊరికే మోత మోగిస్తారు. ఇది హాల్లో ఐదొందల మందితో చూస్తే ఎలా ఉండేదో అన్న ఊహ మాత్రం పోలేదు.

నాలుగోతీగ | 26 నవంబర్ 2021

ఇంకా చూడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి.

పాల్ కుర్చీలో కూర్చుని బేస్‌ను గిటార్‌లా గీకుతుంటాడు చూశారా? జాన్ ఇంకా రాలేదు. ఎదురుగా జార్జ్ ఆవులిస్తాడు. రింగో శూన్యంలోకి చూస్తుంటాడు. పాల్ ఏవో అర్థంలేని కూతలతో ఒకే చోట గిరగిరా తిరుగుతాడు. ఆ కూతల్లోంచి ఒక వరుస తేలుతుంది. ఇంకో నిమిషానికి అది మనం పుట్టకముందు నుంచీ ఉన్నట్టనిపించే పాట అవుతుంది. జార్జ్ ఆవులింత ఆపి గిటార్ అందుకుంటాడు, రింగో చప్పట్లు మొదలుపెడతాడు. 'గెట్ బ్యాక్' పాట పుట్టడం కెమెరాకు అలా దొరికింది.

నేను బేస్ వాయిస్తాను. బేస్ మీద అలా తీగలన్నీ కలిపి గీకకూడదని నేర్పుతారు. చెయ్యి ఊరికే ఉండక చేసే పని అది. ఆ సీన్‌ను రెండున్నర గంటల సినిమాలో పెడితే ముప్పై సెకన్లకు కోసేవాళ్లు. అప్పుడు పాట మాయలా ఊడిపడినట్టుండేది. ఇక్కడ ఆవులింతతో సహా ఉంచారు కాబట్టే అది పని అని తెలిసింది. జూన్‌లో నేను వాదించింది దీనికోసమే.

కొత్తశ్రోత | 27 నవంబర్ 2021

రెండో భాగంలో పూలకుండీ సీన్ నాలుగుసార్లు ఆపి ఆపి చూశాను. క్యాంటీన్‌లో పూలకుండీలో మైకు దాచారు. జార్జ్ వెళ్లిపోయిన సంగతి మీద జాన్, పాల్ మాట్లాడుకున్నదంతా అందులో పడింది. బొమ్మ లేదు, మాటలు తెర మీద అక్షరాలుగా వస్తాయి. చుట్టూ స్పూన్లు, ప్లేట్ల చప్పుడు. ఇలాంటి చప్పుళ్లలోంచి ఒక్కో గొంతునూ, వాయిద్యాన్నీ విడదీయడానికే జాక్సన్ బృందం సాఫ్ట్‌వేర్ తయారుచేసుకుందట, పేరు మాల్. ఆ పేరున్న అసలు మాల్ ఇవాన్స్, బీటిల్స్ సహాయకుడు, కూడా సినిమాలో ఉన్నాడుగా, 'మాక్స్‌వెల్స్ సిల్వర్ హ్యామర్' అనే సుత్తి పాటకు ఇనుప దిమ్మె మీద దెబ్బలేస్తూ!

వీళ్లు కొట్టుకుని విడిపోయారని ఎక్కడెక్కడో చదివాను. ఇక్కడ ఇద్దరూ ఎంత జాగ్రత్తగా మాట్లాడుకున్నారో. తప్పు తమలోనే ఉందని ఇద్దరికీ తెలుసు.

హిస్‌నాయిస్ | 27 నవంబర్ 2021

మాటలు విడదీసిన తీరుకు దండం పెట్టాలి. బొమ్మకు మాత్రం పెట్టలేను. ఫిల్మ్ గ్రెయిన్, అదే పాత ఫిల్మ్ మీద సహజంగా కనిపించే సన్నటి నలుసులు, ఎక్కడ? 16 ఎంఎం మీద తీసిన ముఖాలు ఇస్త్రీ చేసినట్టున్నాయి. దగ్గరి షాట్లలో జార్జ్ చెంప మీద చర్మమే లేదు, మైనమే. పాత ఫిల్మ్ పాతగా కనిపిస్తే ఇప్పటి చందాదారులు పారిపోతారనుకున్నారేమో! ఇది స్ట్రీమింగ్ కుదింపు వల్ల వచ్చిందా, రిస్టోరేషన్‌లోనే ఇలా చేశారా అన్నది డిస్క్ వస్తే గానీ తేలదు.

చెవికోసుకుంటా | 28 నవంబర్ 2021

నాకు ఆ నునుపే నచ్చింది అంటే తంతారేమో. లెట్ ఇట్ బీ మసక కాపీలో అందరూ చీకటి గదిలో ఏడుస్తున్నట్టుండేవాళ్లు. ఇక్కడ జాన్ వేసే కుప్పిగంతులు, బిల్లీ ప్రెస్టన్ వచ్చి ఎలక్ట్రిక్ పియానో ముట్టుకోగానే నలుగురి ముఖాలు విప్పారడం, పాల్ ప్రేయసి లిండా కూతురు చిన్నారి హెదర్ స్టూడియో అంతా గిరగిరా తిరగడం, అన్నీ కళ్లకు కట్టాయి. సిగరెట్ పొగ, బూతులు కూడా కోయలేదు. డిస్నీ అనగానే కడిగేస్తారని భయపడ్డాను.

దూరశ్రోత | 28 నవంబర్ 2021

మీరు రాసినవన్నీ చదువుతున్నాను. చదవడమే.

చెవికోసుకుంటా | 28 నవంబర్ 2021

దూరశ్రోతా, నీ పోస్టు చూశాక నోట మాట రాలేదు. స్పాయిలర్లకు వేరే థ్రెడ్ తెరవమంటావా?

దూరశ్రోత | 28 నవంబర్ 2021

వద్దు. జరిగిందంతా 1969లోనే జరిగింది, నాకేం స్పాయిల్ అవుతుంది? రాయండి.

మూడోవరుస | 13 ఫిబ్రవరి 2022

చూశాను! పెద్ద తెర మీద చూశాను!

తెలియనివాళ్లకు: రూఫ్‌టాప్ కచేరీ భాగాన్ని విడిగా గంట నిడివితో జనవరి 30న ఐమాక్స్‌లో వేశారు, ఈ వారాంతంలో మరిన్ని థియేటర్లలో వేశారు. ఐదు పాటలు, కొన్ని రెండేసి, మూడేసి సార్లు. పది కెమెరాలతో తీశారు కాబట్టి జాక్సన్ తెరను ముక్కలు చేసి డాబా, వీధి, రిసెప్షన్ అన్నీ ఒకేసారి చూపిస్తాడు. ఇంట్లో ఆ ముక్కలు చిన్న చిన్న పెట్టెల్లా కనిపించాయి. ఇక్కడ ఒక్కో ముక్కా ఒక మామూలు తెరంత ఉంది. కింద రిసెప్షన్‌లో పోలీసుల్ని మాటల్లో పెట్టి ఆపుతుంటే హాలంతా ఒకేసారి నవ్వింది. జూన్‌లో నేను మొత్తుకున్నది ఈ నవ్వు కోసమే.

మిగతా ఏడు గంటలు ఇంట్లో చూడటమే సరి. అది నాలుగోతీగకు ఇచ్చేస్తున్నా.

వైనిల్‌వీరుడు | 13 ఫిబ్రవరి 2022

నాకేమిచ్చారు? ఫిబ్రవరి 8న బ్లూరే అన్నారు, డిస్కుల్లో లోపం ఉందని ఆపేశారు. కొత్త తేదీ లేదు.

హిస్‌నాయిస్ | 20 జులై 2022

12న డిస్క్ విడుదలైంది, నా కాపీ చేతికొచ్చింది. మూడు భాగాలు, 468 నిమిషాలు. అంతే. ఎక్స్‌ట్రాలు లేవు, కామెంటరీ లేదు, కోసేసిన ఒక్క పాట లేదు, 4కె డిస్క్ లేదు. స్ట్రీమింగ్‌లో ఉన్నదాన్నే పెట్టెలో పెట్టి ఇచ్చారు.

నవంబర్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు: ముఖాలు డిస్క్‌లోనూ మైనమే. కాబట్టి స్ట్రీమింగ్‌ను ఆ విషయంలో తిట్టడం మానేద్దాం. ధ్వని మాత్రం మెరుగు. రూఫ్‌టాప్ దగ్గర రింగో సింబల్స్ మోత సాగి సాగి తగ్గుతుంది, స్ట్రీమింగ్‌లో మధ్యలోనే మొద్దుబారేది. మంచి స్పీకర్లు లేనివాళ్లకు ఈ తేడా కోసం డిస్క్ అక్కర్లేదు.

వైనిల్‌వీరుడు | 20 జులై 2022

స్పీకర్ల కోసం కాదయ్యా డిస్క్. రేపటి కోసం.

డ్రమ్ములరాయుడు | 5 సెప్టెంబర్ 2022

గెట్ బ్యాక్‌కు ఐదు ఎమ్మీ టీవీ అవార్డులు వచ్చాయి. చప్పట్లు.

వైనిల్‌వీరుడు | 27 మే 2023

రేపటి కోసం అంటే నవ్వినవాళ్లు ఇది చదవండి. డిస్నీ ప్లస్ తన సొంత సిరీస్‌లనే పదుల సంఖ్యలో తీసేసింది. 'విల్లో' అనే సిరీస్ 2022 నవంబర్ చివర్లో మొదలైంది. ఏడాది కూడా తిరక్కముందే మాయం. వేరేవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకున్నవి కావు, వాళ్లే తీయించుకున్నవి. జనం చూడకపోవడం ఒక్కటే కాదు కారణం, లెక్కల పుస్తకాల్లో నష్టం కింద రాసుకుంటే కలిసొస్తుంది. కొన్నిటికి డిస్కులూ లేవు. తీసినవాళ్లకు సైతం తమ పని చూపించుకోవడానికి కాపీ లేని పరిస్థితి.

గెట్ బ్యాక్‌ను తీసేస్తారని నేననడం లేదు. బీటిల్స్ పేరున్నంత కాలం దాని జోలికి ఎవరూ రారు. కానీ ఇంత పేరు లేని బ్యాండ్ మీద ఇంతే శ్రమపడి తీసిన డాక్యుమెంటరీ ఉందనుకోండి. అది 'మాత్రమే'లో పడితే దాన్ని కాపాడేదెవరు?

నాలుగోతీగ | 27 మే 2023

దీనికి నా దగ్గర జవాబు లేదు, వీరుడు గారూ. సర్వర్‌లో ఉన్నా చాలని నేనన్నది అది సర్వర్‌లో ఉంటుందన్న నమ్మకంతోనే.

కాకపోతే ఇంకో వైపు కూడా చూడండి. నా దగ్గర గిటార్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ముగ్గురు ఈ సిరీస్ చూసి వచ్చారు. వాళ్లు టిక్కెట్టు కొని థియేటర్‌కు వెళ్లేవాళ్లు కాదు, డిస్క్ ప్లేయర్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. వేరే ఏదో చూద్దామని తెరిచి, పోస్టర్ కనిపిస్తే నొక్కారు.

కొత్తశ్రోత | 28 మే 2023

నేనూ దాదాపు అలాగే వచ్చాను. కానీ డిస్క్ కొన్నాను. ప్లేయర్ ఇంకా లేదు 😄

దూరశ్రోత | 28 మే 2023

మా దగ్గర కూడా సర్వీసు పోయినేడు మొదలైంది. మొత్తం చూశాను. చెప్పడం మర్చిపోయాను, అంతలా మునిగిపోయాను. పూలకుండీ దగ్గర మీరంతా గుర్తొచ్చారు.

చెవికోసుకుంటా | 9 మే 2024

నిన్న 'లెట్ ఇట్ బీ' వచ్చింది. 1970 నాటి అసలు సినిమా, జాక్సన్ బృందం శుభ్రం చేసిన కాపీ. ముందు జాక్సన్, లిండ్సే-హాగ్ కూర్చుని మాట్లాడుకునే భాగం ఉంది. ఎక్కడ వచ్చిందో చెప్పక్కర్లేదుగా? డిస్నీ ప్లస్‌లో మాత్రమే.

వైనిల్‌వీరుడు | 9 మే 2024

నాలుగు దశాబ్దాలు ఏ షెల్ఫ్‌లోనూ దొరకని సినిమా బయటికొచ్చింది, మళ్లీ షెల్ఫ్ లేని చోటికే. డిస్క్ మాట ఎవరూ ఎత్తడం లేదు. అయినా చూశాను. రాత్రి చూశాను, పొద్దున మళ్లీ చూశాను. లిండ్సే-హాగ్‌ను ఇన్నేళ్లు ఊరికే తిట్టుకున్నాం, సినిమా బాగుంది.

హిస్‌నాయిస్ | 9 మే 2024

ఇందులో గ్రెయిన్ ఉంచారు! ముఖాలకు చర్మం తిరిగొచ్చింది!

కొత్తశ్రోత | 10 మే 2024

మా చెల్లి ఇప్పుడు మొదలుపెడుతోంది. ముందు ఏది చూడమనాలి, ఎనభై నిమిషాలదా, ఎనిమిది గంటలదా?

మూడోవరుస | 10 మే 2024

ఎనభై నిమిషాలది. వీలైతే ప్రొజెక్టర్ మీద. నచ్చకపోతే పోయేది తక్కువ.

నాలుగోతీగ | 10 మే 2024

నేను ఒప్పుకోను. ముందు గెట్ బ్యాక్ మొదటి భాగం పెట్టు, రోజుకు గంట చొప్పున. జార్జ్ వెళ్లిపోయే చోట ఆపి, కొనసాగించాలని ఉందా అని అడుగు. ఉందంటే మిగతా రెండు భాగాలు, ఆ తర్వాత లెట్ ఇట్ బీ. అప్పుడు ఆ ఎనభై నిమిషాల్లో ఏమేం కోశారో తనకే తెలుస్తుంది. లేదంటే నేరుగా రూఫ్‌టాప్‌కు వెళ్లిపొండి, మూడో భాగం చివర్లో ఉంటుంది.

కొత్తశ్రోత | 12 మే 2024

ఆపమంటే ఆపనివ్వలేదు. రెండో భాగంలో ఉంది.